కొత్తదీ కాదు, ఎంగిలిదీ కాదు

భివండి,
ఆదివారం.

అమ్మ పోయాక నాకు అమ్మవైన అక్కకు, నీ తమ్ముడు నాగేశు దండం పెట్టి రాస్తున్న సంగతులు. నేనిక్కడ బాగున్నాను. వేళకు తింటున్నాను, బీడీ ముట్టడం లేదు, జ్వరం గిరం ఏమీ లేదు. నువ్వు, బావ బాగున్నారని నమ్ముతున్నాను. అట్లా రాయడం మర్యాద కాబట్టి రాశాను గానీ, ఆరోగ్యం విషయంలో నీ మాట నేను అసలు నమ్మను. ఎప్పుడు అడిగినా "మంచిగనే ఉన్నరా" అంటావు. కాళ్ళు వాచి చెప్పులు పట్టనప్పుడు కూడా మంచిగానే ఉన్నావు. అందుకే నీ సంగతి నేను బావను అడిగి తెలుసుకుంటున్నాను. ఆయన మీద కోప్పడకు. పాపం, చెప్పనంటూనే చెప్పాడు.

ఫోనుండగా ఈ ఉత్తరమేందని అనుకుంటావు. ఫోన్లో నేను ఫ్రిజ్ మాట ఎత్తగానే నీకు సిగ్నల్ పోతుంది. గుట్టెక్కి నిలబడి, మేక ఈనిన సంగతి, రెండు పిల్లల్లో ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది అన్న సంగతి గంట కొట్టినట్టు స్పష్టంగా చెప్పిన మనిషివి, ఆ ఒక్క మాట దగ్గర "హలో, హలో, ఇనపడ్తలేదురా" అంటావు. ఉత్తరానికి సిగ్నల్ పోదు. మెల్లగా కూడబలుక్కుని చివరిదాకా చదువు. మధ్యలో కోపమొస్తే లేచి, మేకలకు నీళ్ళు పెట్టి, మళ్ళీ వచ్చి చదువు.

ఇక్కడ వాన పట్టుకుంది. మన దగ్గర వాన వస్తే వచ్చిందని తెలుస్తుంది, పోతే పోయిందని తెలుస్తుంది. ఇక్కడ వాన ఇంటికొచ్చి కదలని చుట్టంలాగా ఉంది. బట్టలు ఆరవు. చొక్కా తడిగానే తొడుక్కుని పనికి పోతే ఒంటి మీదే ఆరుతుంది. గోదాముల ముందు రోడ్డంతా బురద, లారీలు, బురద. ఈ వానకు మన అడవిలో పుట్టకొక్కులు లేచి ఉంటాయి. నువ్వు చేటలో వేసుకుని వచ్చి, మట్టి దులిపి, ఉల్లిగడ్డ వేసి వండుతుంటే పక్కిళ్ళ వాళ్ళు కూడా గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు కదా. ఇక్కడ పుట్టగొడుగులు ప్లాస్టిక్ డబ్బాలో అమ్ముతారు. తెల్లగా, నున్నగా, అన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. ఒకసారి కొని వండాను. ఏ వాసనా లేదు. ఇక ఇంకోసారి కొనలేదు.

తిండికి లోటు లేదు. మెస్సులో అన్నం పెడతారు, రొట్టె పెడతారు. కానీ పప్పులో బెల్లం వేస్తారక్కా. మొదటి రోజు నోట్లో పెట్టుకుని పండగేమో అనుకున్నాను. రెండో రోజూ అదే. పచ్చిమిరపకాయ అడిగి కొరుక్కుని తింటుంటే వడ్డించే ఆయన నన్ను చూసి నవ్వుతాడు. ఇప్పుడు నేను పోగానే ఏమీ అడగకుండానే పళ్ళెంలో రెండు మిరపకాయలు వేస్తాడు. మాట రాకపోయినా మనిషి మనిషే.

ఉండే గది చిన్నది. కిరాయి నేనూ, జనగామ దిక్కు నుంచి వచ్చిన యాదన్నా కలిసి కడతాం. ఆయన రాత్రి డ్యూటీ, నాది పగటి డ్యూటీ. మంచం ఒక్కటే ఉంది, ఇద్దరికీ చాలుతుంది, ఆయన లేచేసరికి నేను వస్తాను. తెలుగు మాట్లాడే మనిషి గదిలో ఉన్నాడన్న మాటే గానీ, మాట్లాడుకునేది గుమ్మం దగ్గరే. "తిన్నవా?" "తిన్న." అంతే. మిగతా పొద్దంతా హిందీలో తిట్లు తినడమే.

నా పనేందో ఎన్నిసార్లు చెప్పినా నీకు తెలిసిరాదు. మళ్ళీ చెప్తాను, విను. ఇక్కడి జనం ఫ్రిజ్‌లు, టీవీలు, బట్టలుతికే మిషన్లు ఫోన్లో నొక్కి కొంటారు. రంగు నచ్చలేదని, గీత పడిందని వెనక్కి పంపుతారు. కొందరు పెద్దది కొనుక్కుని పాతది ఇచ్చేస్తారు. అవన్నీ మా గోదాముకు వస్తాయి. విప్పుతాం, కడుగుతాం, అరిగిన సామాను తీసేసి కొత్తది వేస్తాం, రోజంతా నడిపి చూస్తాం. బాగుంటే చీటీ అంటించి, కొత్తదాని కంటే తక్కువ ధరకు అమ్ముతారు. నాది ఫ్రిజ్‌ల వరస. తలుపు తీయగానే ఎవరిదో ఒక ఇంటి వాసన నా ముఖాన కొడుతుంది. ఒకదాంట్లో చేపల వాసన, ఒకదాంట్లో ఇంగువ, ఒకదాంట్లో పసిపిల్లల మందు. తలుపు మీద పిల్లలు అంటించిన బొమ్మలుంటాయి. వేడినీళ్ళతో నానబెట్టి గోరుతో గీకి తీయాలి. అట్లా పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళలోకీ తొంగి చూస్తుంటాను, ఒక్క ఇంట్లోనూ కూర్చోమనే వాళ్ళుండరు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ఇప్పుడు సిగ్నల్ పోయిందనకు.

కల్లూరు పెళ్ళప్పుడు జరిగింది నాకు తెలియదనుకున్నావు. నువ్వు మందు దాచుకునే వరలక్ష్మమ్మ గారి వాళ్ళు చుట్టాల పెళ్ళికని కల్లూరు పోయి, ఇంటికి తాళం వేశారు. నీ షుగర్ సూదిమందు వాళ్ళ ఫ్రిజ్‌లో ఉండిపోయింది. రేపొస్తారు, రేపొస్తారు అని నువ్వు పొద్దున్నే పోయి తాళం చూసి రావడం, మళ్ళీ పత్తి చేనుకు కలుపుకు పోవడం. చివరికి సాళ్ళ మధ్యలో పడిపోయావట. బావ బండి మీద వెనక ఇంకో మనిషిని పట్టుకోమని నిన్ను ఏన్కూరు దవాఖానాకు తీసుకుపోయాడట. కళ్ళు తెరవగానే నువ్వన్న మొదటి మాట "తమ్మునికి చెప్పకు" అనట.

బావ చెప్పినప్పుడు నేను పనిలో ఉన్నాను. నా చుట్టూ ఫ్రిజ్‌లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నీ నడుస్తున్నాయి, అన్నీ చల్లగా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. వాటి మధ్యలో నిలబడి, నా అక్క ఒక్క చిన్న సీసా పెట్టుకునే చోటు లేక చేలో పడిపోయిందని విన్నాను. ఏడ్చానక్కా. సిగ్గుపడటం ఎందుకు, అందరి ముందూ ఏడ్చాను. సూపర్‌వైజరు కరెంటు కొట్టిందేమోనని పరుగెత్తుకుని వచ్చాడు.

వరలక్ష్మమ్మ గారు చెడ్డదని నేననను. "ఎప్పుడైనా వచ్చి తీసుకోవే నర్సమ్మా, నేనేమైనా కాదన్నానా" అంటుంది, మనసులో కూడా అదే ఉంటుంది. కానీ వాళ్ళ వెనక గుమ్మం దగ్గర నిలబడి "అమ్మగారూ" అని పిలవాల్సింది నువ్వు. ఆమె స్నానంలో ఉంటే ఆగాలి, పూజలో ఉంటే ఆగాలి, చుట్టాలొస్తే నీ అంతట నువ్వే వెనక్కి తిరగాలి. పొద్దుటి పూట సూది వేసుకుంటున్నావు, సాయంత్రం పూట "పొద్దుగూకినంక గాళ్ళింటికేం పోత" అని మానేస్తున్నావు. ఇది కూడా బావే చెప్పాడు. ఎండాకాలం తడి ఇసుకలో కుండ పెట్టి చూశావు. మేకపిల్ల వచ్చి తన్నింది, సీసా పగిలింది. అన్నీ నాకు తెలుసు.

అందుకే కొత్త ఫ్రిజ్ పంపుతానంటే నువ్వేమన్నావు? "కొత్తదైతే కొత్తల పండుగ కాకముందే ఎట్ల ముడ్తరురా? పెద్దలకు పెట్టాలె గదా." పోనీ పాతదాన్ని బాగుచేసి పంపుతానంటే, "ఎవరి ఎంగిలో ఏందో, ఎవరు తిన్నరో, ఎవరు సచ్చిన్రో, గా డబ్బల నా మందు పెట్టాల్నా? నువ్వేం పంపకు, నేను గిట్లనే ఉంట" అన్నావు. కొత్తదీ వద్దు, పాతదీ వద్దు. లోకంలో ఈ రెండు రకాలే ఉన్నాయక్కా. మూడో రకం మా గోదాముకు ఇంతవరకూ రాలేదు.

కొత్త పంట పోయిన పెద్దలకు పెట్టి కొత్తల పండుగ చేయకుండా మన గూడెంలో ఎవరూ కొత్త చిక్కుడు కోయరు, కొత్త జొన్న నోట్లో వేసుకోరు. అది నేనూ కాదనను. కానీ ఊరంతా పంటకు చూసుకునే నియమాన్ని నువ్వు ఇనుప సామానుకు కూడా పెట్టావు. నిరుడు నేను పంపిన మిక్సీ గుర్తుంది కదా. వానాకాలంలో పంపితే గుడ్డలో చుట్టి అటక మీద పెట్టావు. కొత్తలయ్యాయి, పెద్దలకు కోడిని కోసి, చిక్కుడు కూర పెట్టి, పక్కన మిక్సీని కూడా పెట్టి, బొట్టు పెట్టి, అప్పుడు విప్పి చూస్తే ఎలుక వైరు కొరికేసింది. ఒక్కసారి కూడా తిప్పకుండానే కారేపల్లి తీసుకుపోయి రిపేరు చేయించుకొచ్చారు. ఇక్కడ నాకు పని పుట్టించేది జనం, అక్కడ ఎలుక. ఈ సంగతి యాదన్నకు చెబితే గుమ్మం దగ్గర కూర్చుని నవ్వీ నవ్వీ డ్యూటీకి లేటయ్యాడు.

బావ కూడా ఊరుకోలేదని విన్నాను. నిన్ను పెద్దయ్య దగ్గరికి తీసుకుపోయాడట. పెద్దలకు అన్నం పెట్టేది ఆయనే కదా, ఆయన చెబితేనన్నా వింటావని. ఆయన "పెద్దలు గింజ అడుగుతరు, కాయ అడుగుతరు. కరెంటు డబ్బ ఎందుకు అడుగుతరే పిచ్చిదానా?" అన్నాడట. నువ్వు "మీ పెద్దలు అడగరేమో, మా అవ్వ అడుగుతది" అని లేచి వచ్చావట. విన్నప్పుడు కోపమొచ్చింది, నవ్వొచ్చింది. పోయిన అవ్వ మొండితనమంతా నీకే వచ్చింది, నాకు ఆమె ముక్కొక్కటే వచ్చింది.

యాదన్న ఒక ఉపాయం చెప్పాడు. "కొత్తదే కొను. మేకుతోని రెండు గీతలు గీకు. పాతదని చెప్పి పంపు" అన్నాడు. ఎంగిలి భయం లేకుండా, పండుగ అడ్డం లేకుండా పని అయిపోతుందట. రెండు రోజులు నిజంగానే ఆలోచించాను. కానీ నీకు అబద్ధం చెప్పి పంపిన దాంట్లో నువ్వు రోజూ మందు పెట్టుకుంటుంటే నాకు నిద్ర పట్టదు. అదీగాక తెల్లగా మెరిసే దాన్ని చూసి పాతదని నమ్మేంత అమాయకురాలివి కాదు నువ్వు.

కొత్తదాన్ని చెడ్డదని నేననను. కరెంటు తక్కువ తింటుంది, రెండు మూడేళ్ళు కంపెనీ వాళ్ళే చూసుకుంటారు. కానీ ఇప్పటి వాటి వెనక ఒక బోర్డు ఉంటుంది. మన దగ్గర కరెంటు ఎట్లా వస్తుందో నీకు తెలుసు, బల్బు ఒకసారి దీపంలాగా, ఒకసారి సూర్యుడిలాగా. ఆ బోర్డు కాలిపోతే బాగుచేసే వాళ్ళు ఖమ్మం నుంచి రావాలి, వస్తామంటారు, రారు. పాతరకం దాన్ని కారేపల్లిలో నీ మిక్సీ బాగుచేసిన మనిషి కూడా విప్పి చూడగలడు. మన ఊరికి అదే మేలని నా లెక్క. పాతదానికి కొత్తల దాకా ఆగే పని ఎట్లాగూ లేదు. నువ్వే అన్నావు కదా, పండుగ కొత్తదానికే అని. ఒకరు వాడిన దానికి పెద్దల సెలవు అక్కర్లేదు. ఇక మిగిలింది ఎంగిలి ఒక్కటే.

ఆ ఎంగిలి దగ్గరే నాకు దారి తెలియలేదు. రోజూ వచ్చే ఫ్రిజ్‌లను చూస్తూ, ఇది అక్కకు పనికొస్తుందా, ఇది పనికొస్తుందా అనుకునేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అంత వంకలు పెట్టరు. అట్లా ఉండగా ఒకరోజు ఒక చిన్న ఎర్ర ఫ్రిజ్ వచ్చింది. తలుపు తీశాను. తీసి అట్లాగే నిలబడిపోయాను.

ఇప్పపువ్వు వాసన అక్కా.

ముందు నేను నమ్మలేదు. మనసు అటే ఉంది కదా, భ్రమ పడ్డానేమో అనుకున్నాను. కింద కూరగాయలు పెట్టే డబ్బా లాగి చూస్తే మూలన నాలుగు ఎండిన పూలు అంటుకుని ఉన్నాయి. ఒకటి తీసి నలిపి చూశాను. మన ఇల్లే. వాకిట్లో చాపల మీద ఎండబెట్టి, పందులు రాకుండా నన్ను కాపలా కూర్చోబెట్టేదానివి చూడు, ఆ వాకిలే. పక్కన తలుపులు కడిగే సుమన్ తాయి అని ఒకావిడ ఉంటుంది, ఆమెకు చూపించాను. "మొహ పువ్వు, మా వాళ్ళు కూడా ఏరుతారు, అదిగో ఆ కొండల్లో" అని చెయ్యి చూపించింది. ఇన్నాళ్ళూ వానమబ్బు తప్ప ఏమీ లేదనుకున్న దిక్కున కొండలున్నాయి, ఆ కొండల్లో మనలాంటి వాళ్ళున్నారు, చీకటితో లేచి బుట్ట పట్టుకుని అడవికి పోతారు. ఇంటికి రావాలని ఎంత అనిపించిందంటే, సాయంత్రం డ్యూటీ దిగి, గదికి పోకుండా, ఖమ్మం దిక్కు పోయే లారీలు ఆగే చోట ఊరికే పోయి నిలబడి వచ్చాను.

ఆ ఫ్రిజ్ నేనే తీసుకుంటానని సూపర్‌వైజరుకు చెప్పాను. పనివాళ్ళకు ధర తగ్గించి ఇస్తారు. ఆ ఇంటివాళ్ళు పెద్దది కొనుక్కుని దీన్ని ఇచ్చేశారట, అడిగి తెలుసుకున్నాను. ఎవరూ చనిపోయిన ఇల్లు కాదు. గ్యాసు నింపాను, తలుపు చుట్టూ రబ్బరు కొత్తది వేశాను, చల్లదనం తిప్పే మీట మార్చాను. ఉప్పు, నిమ్మకాయతో లోపలంతా తోమాను. ఆ నాలుగు పూలు మాత్రం పారేయలేదు, నా దగ్గర దాచుకున్నాను. అయినా ఇది చాలదని తెలుసు. ఎంత తోమినా నీకది పరాయి వాళ్ళదే.

అప్పుడు దాన్ని నీకు పంపకుండా నా గదికి తెచ్చుకున్నాను.

యాదన్న లోపలికి వచ్చి "మనం పండుకునుడా, ఇది పండుకునుడా?" అన్నాడు. నిజమే, అది పెట్టాక గదిలో మంచానికీ దానికీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత చోటే మిగిలింది. నెల రోజులు దాన్ని నేను వాడాను. మిగిలిన అన్నం పెట్టాను. మెస్సు పప్పు తెచ్చి పెట్టాను. పెరుగు తోడువేసి పెట్టాను. మంచినీళ్ళ సీసా మూతి నోటికి పెట్టుకుని తాగి మళ్ళీ అందులోనే పెట్టాను, నువ్వు చూస్తే తిట్టే పద్ధతే. ఉట్టిగా ఉన్నప్పుడు కూడా తలుపు తీసి లోపలికి చూసేవాణ్ణి. డ్యూటీ నుంచి వచ్చి, యాదన్న పోయాక తలుపు వేయగానే అది గుర్రుమంటూ ఉండేది. ఇంట్లో ఒకరున్నట్టు ఉండేది. "వచ్చిన" అని చెప్పడం కూడా అలవాటైంది. నవ్వకు.

ఇప్పుడు చెప్పు. అది ఎవరిది? ఇప్పపువ్వు తిన్నవాళ్ళది, తర్వాత నాది. మనిద్దరం ఒక్క కంచంలో తిని పెరిగినవాళ్ళం. నేను కొరికి ఇచ్చిన తునికి పండు నువ్వు తిన్నావు, నువ్వు కలిపిన ముద్ద సగం కొరికి నేను విడిచిపెడితే పారేయకుండా నువ్వే తిన్నావు. అమ్మ లేని ఇంట్లో నాకు జ్వరమొచ్చినప్పుడు నేను తాగి వదిలిన గంజి గిన్నెలోనే నువ్వు తాగేదానివి. ఊళ్ళో అందరి ఎంగిలి ఎంగిలే గానీ తమ్ముని ఎంగిలి నీకెప్పుడూ ఎంగిలి కాలేదు. మరి తమ్ముడు వాడిన ఫ్రిజ్ ఎట్లా అవుతుంది?

అందుకే ధైర్యంగా పంపుతున్నాను. ఖమ్మం నుంచి మిర్చి తెచ్చిన లారీ ఖాళీగా తిరిగి పోతోంది. డ్రైవరు ఆ దిక్కు మనిషే, మన మాటే మాట్లాడతాడు. పొద్దున ఎక్కించాను. ఖమ్మంలో దింపి, ఈ ఉత్తరం మీకు అందేదాకా తన దగ్గరే ఉంచుతాడు, అక్కడి నుంచి బావ ట్రాలీ ఆటోలో తేవాలి. నిలబెట్టే తేవాలి, పడుకోబెట్టొద్దని బావకు గట్టిగా చెప్పు. ఇంటికి రాగానే స్విచ్ వేయకండి. దూరం నుంచి వచ్చిన మనిషిని అప్పుడే పనికి పొమ్మనం కదా, ఒక పూట అట్లా వదిలేయండి. వోల్టేజీ కాచే డబ్బా లోపలే పెట్టాను, దాని ద్వారానే కలపాలి. సూదిమందు మధ్య అరలో పెట్టు. పైన మంచు పట్టే గదిలో మాత్రం పెట్టొద్దు, గడ్డకడితే మందు చచ్చిపోతుంది. తలుపుకు ఉండే అరల్లో కూడా వద్దు. రెండు పూటలా వేసుకో. వరలక్ష్మమ్మ గారింటికి పోయి నీ సీసా తెచ్చుకునేటప్పుడు ఇన్నాళ్ళూ పెట్టుకోనిచ్చినందుకు ఒక దండం పెట్టి, రెండు సొరకాయలు ఇచ్చి రా. అలిగి తెచ్చుకున్నట్టు తెచ్చుకోకు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడాలనిపిస్తే ముందు గుమ్మం నుంచి పో.

పక్కిళ్ళ వాళ్ళు కల్లు సీసాలు, చేపలు పెడతామంటూ వస్తారు, నాకు తెలుసు. నువ్వు కాదనలేవని కూడా తెలుసు. పెట్టుకోనివ్వు. మధ్య అర మాత్రం నీది.

కొత్తలకు నేను రాలేనక్కా. సెలవు అడిగాను, పండుగల కాలంలోనే ఇక్కడ సరుకు ఎక్కువ, ఇవ్వరట. నా వాటా చిక్కుడు కూర ఫ్రిజ్‌లో పెడతానని మాత్రం అనకు. నేను వచ్చేదాకా కూరను కాపాడే ఫ్రిజ్ ఇంకా ఎవరూ చేయలేదు. ఎవరికైనా పెట్టు, తిన్నవాళ్ళను చూసి నేను తిన్నాననుకో. నీ చేతి అన్నం తినాలని ఉంది. వాకిట్లో నులక మంచం వేసుకుని, నువ్వు ఏదో తిడుతుంటే వింటూ పడుకోవాలని ఉంది. ఉంది అని రాస్తే ఏమొస్తుంది గానీ, నీకు కాక ఎవరికి రాస్తాను?

ఆ డ్రైవరు మళ్ళీ ఇటు వచ్చేటప్పుడు ఏమైనా పంపగలిగితే కొంచెం కారం, కొంచెం ఎండు చింతచిగురు పంపు. ఎక్కువ వద్దు. మచ్చల మేకపిల్ల ఫోటో బావను తీసి పెట్టమను. నీ ఫోటో కూడా. నవ్వకపోయినా సరే, నిలబడితే చాలు, కాళ్ళు కనిపించాలి. వాపు తగ్గిందో లేదో నేనే చూసుకుంటాను.

ఇప్పుడు నా గదిలో గోడ పక్కన నాలుగు పాదాల గుర్తులు మిగిలాయి. యాదన్నకు చోటు దొరికిందని సంతోషం. నాకు మాత్రం గదిలోకి రాగానే చెవులు దాని కోసం వెతికాయి. పొద్దున లారీ కదులుతుంటే తాడు సరిగ్గా ఉందో లేదోనని రెండుసార్లు ఎక్కి చూశాను. డ్రైవరు "ఏందన్నా, పిల్లను అత్తగారింటికి పంపుతున్నవా?" అన్నాడు. కాదు, అది ఇంటికి పోతోంది, నేనే ఇక్కడ ఉండిపోతున్నానని చెప్దామనుకున్నాను. తాడు ఇంకోసారి లాగి చూసి దిగాను.

బావకు నా దండాలు. నీ సంగతులు నాకు చెబుతూనే ఉండమను. పెద్దయ్యకు దండం పెట్టానని చెప్పు. పెద్దలకు అన్నం పెట్టేటప్పుడు నా పేరు కూడా తలవమను, అవ్వ నన్ను మరిచిపోకుండా. నీ చేయి నా తల మీద ఉంటే నాకు ఈ వానా, ఈ బెల్లం పప్పూ ఒక లెక్క కాదు. నువ్వు మంచిగుండాలి. నిజంగా మంచిగుండాలి.

నీ కొంగు పట్టుకుని నడక నేర్చిన
తమ్ముడు
నాగేశు

మరిచాను: తలుపు తీయగానే మధ్య అరలో వేయించిన పల్లీల పొట్లం కనిపిస్తుంది. చక్కెర లేదు, నువ్వు తినొచ్చు. విప్పి ఉంది కదా, లారీ వాళ్ళు తిన్నారేమోనని వాళ్ళను తిట్టకు. సగం తిన్నది నేనే. మిగతా సగం నువ్వు తిని, అప్పుడు అక్కడ నీ మందు పెట్టుకో.